లోతు కప్పు డైలో అడుగు తెగుతోందా? డై స్టీలు మార్చేముందు లెక్క చూడండి

మీ ప్రశ్నను మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. జీడిమెట్లలో చిన్న ప్రెస్ షాపు. 1 మి.మీ. సీఆర్ (చల్లగా రోల్ చేసిన స్టీలు) రేకుతో ఫిల్టర్ డబ్బా చేయాలి. గోడ మందం మధ్యలో కొలిస్తే వ్యాసం 80 మి.మీ., ఎత్తు 100, అడుగు మూలలో లోపలి రేడియస్ 6. దానికి కోసుకున్న గుండ్రటి రేకు బిళ్ల, అంటే బ్లాంక్, 196 మి.మీ. 63 టన్నుల పవర్ ప్రెస్ మీద ఒకే దెబ్బలో లాగాలని ఈఎన్31 అనే బేరింగ్ స్టీలుతో డై (రేకు లోపలికి దిగి కప్పుగా మారే అచ్చు) చేయించారు. డై నోటి రేడియస్ 2.5, బ్లాంక్ హోల్డర్ (రేకు అంచుని నొక్కి పట్టే పలక) కింద కాయిల్ స్ప్రింగులు. స్ప్రింగులు బిగిస్తే అడుగు ఊడిపోతోంది, వదులు చేస్తే అంచు ముడతలు పడుతోంది. డీ2 అనే టూల్ స్టీలుతో డై చేయిస్తే సరిపోతుందని డై మేకర్ అంటున్నారు. చేయించాలా, వద్దా?

ఇప్పుడే చేయించకండి. డీ2 కాదు కదా, కార్బైడ్ పెట్టినా ఈ కప్పు ఒక దెబ్బలో రాదు. మీ డైలో తేడా ఉన్నది స్టీల్లో కాదు, నిష్పత్తిలో, నోటి రేడియస్‌లో, స్ప్రింగుల్లో. ఆ మూడూ సరిచేస్తే మొదట్లో ఈఎన్31తోనే మంచి కప్పులు వస్తాయి. స్టీలు సంగతి ఆ తర్వాతిది. ఎందుకో వివరంగా రాస్తాను. డీప్ డ్రా (రేకుని లాగి లోతు కప్పు చేయడం) గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ, అందుకే కాస్త పొడవుగానే రాస్తున్నాను.

కప్పు తయారవుతున్నప్పుడు అసలు పని ఎక్కడ జరుగుతుందో మొదట తెలియాలి. రేకుని డైలోకి తోసే పంచ్ దిగుతుంటే అందరి చూపూ దాని మీదే ఉంటుంది. పంచ్ కింద ఉన్న అడుగు రేకు మాత్రం దాదాపు మారదు. మారేదంతా డై పైన, హోల్డర్ కింద ఉన్న అంచు పట్టీలో, అంటే ఫ్లాంజ్‌లో. 196 మి.మీ. వ్యాసం ఉన్న అంచు, కప్పు గోడగా మారేసరికి 80 మి.మీ. వ్యాసంలోకి ఇమడాలి. చుట్టుకొలత సగానికంటే తక్కువ అవుతుంది. ఆ మిగులు లోహం ఎక్కడికో పోవాలి. మోదుగాకుతో దొన్నె కుట్టేటప్పుడు మిగులు ఆకును మడతలు పెట్టి ఈనెతో గుచ్చుతాం కదా, రేకు కూడా స్వతహాగా అలాగే మడత పడాలని చూస్తుంది. దాన్ని మడత పడనివ్వకుండా నొక్కి ఉంచితే ఆ లోహం పొడవుగా, కాస్త మందంగా మారి లోపలికి పారుతుంది. నొక్కి ఉంచే పని హోల్డర్‌ది. ఫ్లాంజ్‌ని లోపలికి లాగే బలం మాత్రం పంచ్ దగ్గర పుట్టి, అడుగు మూల మీదుగా కప్పు గోడ గుండానే ఫ్లాంజ్‌కి చేరాలి. గోడ ఎంత లాగుడు తట్టుకోగలదో అంతవరకే ఫ్లాంజ్ కదులుతుంది. ఫ్లాంజ్ అంతకంటే ఎక్కువ అడిగితే గోడలో అన్నిటికంటే బలహీనమైన చోటు, అంటే అడుగు మూలకు సరిగ్గా పైన, తెగుతుంది. మీకు ఊడుతున్నది అక్కడే.

కాబట్టి లోతు డైలో రేడియస్, గ్యాప్, హోల్డర్, నూనె, పాలిష్ అన్నీ ఒక్క ప్రశ్నకు జవాబులే: ఫ్లాంజ్ గోడను ఎంత అడుగుతోంది?

ఇక లెక్క. బ్లాంక్ వ్యాసం కట్టడానికి అందరూ వాడే సూత్రం తెలిసిందే. కప్పు వ్యాసం వర్గానికి, వ్యాసాన్నీ ఎత్తునూ గుణించి నాలుగు రెట్లు చేసిన విలువ కలిపి వర్గమూలం తీయాలి. 80 వర్గం 6,400. 4 × 80 × 100 అంటే 32,000. మొత్తం 38,400, వర్గమూలం 196. మీరు సరిగ్గా ఇదే వాడారు. రెండు చిన్న సవరణలు ఉన్నాయి. అడుగు మూల గుండ్రంగా ఉంది కాబట్టి నిజానికి 194 చాలు. కానీ పై అంచు ఎప్పుడూ సమంగా రాదు, కోసి సరిచేయాలి. దానికి 8 మి.మీ. ఎత్తు అదనంగా వేసుకుంటే బ్లాంక్ 200 మి.మీ. అవుతుంది. 196తో మీకు ట్రిమ్మింగ్‌కి మిగిలేది మూడు మి.మీ. లోపే.

ఇప్పుడు 200ని 80తో భాగించండి. 2.5. దీన్ని డ్రా నిష్పత్తి అంటాం. రాపిడి అన్నదే లేదనుకుంటే మామూలు రేకుకి సిద్ధాంతం ప్రకారం పరిమితి 2.7 దగ్గర ఉంటుంది. నిజమైన డైలో, నిజమైన నూనెతో, మంచి డీప్ డ్రా రేకు కూడా ఒక దెబ్బలో 2 నుంచి 2.2 దగ్గర ఆగిపోతుంది. రోజూ ఉత్పత్తి చేసే షాపులో మొదటి డ్రాని 1.8 దగ్గరే ఉంచితే ప్రశాంతంగా నిద్రపోవచ్చు. రేకు లాటు మారినా, ఆపరేటర్ మారినా, ఎండాకాలంలో నూనె పలచబడినా కప్పు వస్తుంది. మీరు 196 బ్లాంక్‌తో అడిగింది 2.45. ఆ నిష్పత్తిలో హోల్డర్‌ని వదులు చేస్తే ముడత, బిగిస్తే తెగుడు. ఆ రెంటి మధ్య కప్పు వచ్చే సెట్టింగ్ అసలు లేదు. స్ప్రింగు నట్లు ఎన్నిసార్లు తిప్పినా దొరకనిది అందుకే.

రెండు దశలు చేయండి. మొదటి డ్రాలో 200 నుంచి 110కి. నిష్పత్తి 1.82, తగ్గింపు 45 శాతం. రెండో డ్రాలో 110 నుంచి 80కి. నిష్పత్తి 1.375, తగ్గింపు 27 శాతం. రెండో డ్రాకి 30 శాతం పైకి పోకూడదన్నది పాత లెక్క, నేనూ దాన్నే నమ్ముతాను. మొదటి దెబ్బకే రేకు గట్టిపడి ఉంటుంది, దాన్ని మళ్లీ అంతే గట్టిగా లాగడం కుదరదు. మొదటి కప్పు ఎత్తు, మూల రేడియస్ 8 పెట్టుకుంటే, 67 మి.మీ. దగ్గర వస్తుంది. తక్కువ కార్బన్ రేకు మంచిదైతే ఈ రెండు దశల మధ్య అనీలింగ్ (వేడిచేసి మెత్తబరచడం) అవసరం పడదు.

డై నోటి రేడియస్ దగ్గర కాసేపు ఆగుదాం. షాపుల్లో ఎక్కువ డైలు పోయేది ఇక్కడే. మన దగ్గర డై మేకర్లలో చాలామంది కటింగ్ డైలు చేస్తూ పెరిగినవాళ్లు. కటింగ్ డైలో అంచు ఎంత పదునుగా ఉంటే అంత గొప్ప. డ్రా డైలో అదే అలవాటు శత్రువు. ఫ్లాంజ్ నుంచి గోడలోకి తిరిగేటప్పుడు రేకు ఒకసారి వంగి, మళ్లీ తిన్నగా అవ్వాలి. ఆ వంపు ఎంత బిగుతుగా ఉంటే అంత బలం అక్కడే ఖర్చవుతుంది. ఆ ఖర్చంతా మళ్లీ గోడే భరించాలి. మీ 2.5 రేడియస్ అంటే మందానికి రెండున్నర రెట్లు. 1 మి.మీ. రేకుకి మొదటి డ్రాలో అది చాలా తక్కువ. బ్లాంక్ వ్యాసం, కప్పు వ్యాసాల తేడాను మందంతో గుణించి, వర్గమూలం తీసి, 0.8తో గుణించమని ఒక సూత్రం ఉంది. ఇక్కడ తేడా 90, మందం 1. వర్గమూలం 9.5 దగ్గర, 0.8తో గుణిస్తే 7.6. అంటే 8 మి.మీ. పెట్టండి. మందానికి నాలుగు నుంచి పది రెట్ల మధ్య ఉండాలన్న మామూలు నియమంలో కూడా ఇది చక్కగా ఇముడుతుంది.

మరి 15 పెడితే ఇంకా సులువు కదా అనిపించవచ్చు. కాదు. రేడియస్ పెరిగేకొద్దీ హోల్డర్ పట్టు లేని ఖాళీ జాగా పెరుగుతుంది. డ్రా చివర్లో అంచు హోల్డర్ కింద నుంచి ముందే జారిపోయి, ఆ ఖాళీలో ముడత పడుతుంది. ఆ ముడత గోడలోకి వెళ్లి, పంచ్‌కీ డైకీ మధ్య నలిగి, కప్పు పైభాగంలో నిలువు గీతల్లా కనిపిస్తుంది. ఫ్లాంజ్ అంతా బాగుండి, కప్పు పై 10 మి.మీ. మాత్రమే ముడతగా వస్తే హోల్డర్‌ని తిట్టకండి, రేడియస్‌ని అనుమానించండి. అందుకే కొత్త డైని 7తో మొదలుపెట్టి, ట్రయల్ చూసి 8కి తీసుకెళ్లడం మంచి పద్ధతి. రేడియస్ పెంచడం రాయితో, ఎమరీతో అయ్యే పని. తగ్గించాలంటే మొత్తం ముఖం గ్రైండ్ చేయాలి.

హోల్డర్ విషయం ఇంకా ముఖ్యం. స్ప్రింగులు వాడారన్నారు. స్ప్రింగు నొక్కేకొద్దీ బలం పెరుగుతుంది. ఇక్కడ కావలసింది సరిగ్గా దానికి ఎదురు. డ్రా మొదట్లో ఫ్లాంజ్ పూర్తి వెడల్పుతో ఉంటుంది, నొక్కాల్సిన వైశాల్యం ఎక్కువ. కప్పు దిగేకొద్దీ ఫ్లాంజ్ చిన్నదవుతుంది, కావలసిన బలం తగ్గుతూ వస్తుంది. మీ స్ప్రింగులు మొదట్లో చాలీచాలకుండా నొక్కి ముడతలు వేస్తాయి, 40 మి.మీ. దిగాక వద్దన్నా బిగించి అడుగు తెంపుతాయి. రబ్బరు ఇంకా ఘోరం, దాని బలం చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. లోతు తక్కువ ఉన్న మూతలకు స్ప్రింగు, రబ్బరు నడుస్తాయి. 67 మి.మీ. కప్పుకి ఎయిర్ కుషన్ కానీ, నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగులు కానీ, హైడ్రాలిక్ ప్రెస్‌లో కింది సిలిండర్ కానీ కావాలి. వాటి బలం స్ట్రోక్ (ప్రెస్ కదిలే దూరం) అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. బడ్జెట్ లేకపోతే కనీసం పొడవాటి స్ప్రింగులు వేసి, ముందే సగం దాకా నొక్కి అమర్చండి. అప్పుడు మొదటి బలానికీ చివరి బలానికీ తేడా తగ్గుతుంది.

ఎంత బలం? మెత్తని స్టీలు రేకుకి ఫ్లాంజ్ మీద చదరపు మి.మీ.కి 2 నుంచి 2.5 న్యూటన్లతో మొదలుపెట్టండి. మీ మొదటి డ్రాలో డై నోరు, రేడియస్ పోగా ఫ్లాంజ్ వైశాల్యం సుమారు 18,500 చదరపు మి.మీ. అంటే 37 నుంచి 46 కిలోన్యూటన్లు, మన షాపు భాషలో నాలుగు, నాలుగున్నర టన్నులు. అదే అంతిమం కాదు, మొదలుపెట్టే చోటు. తక్కువ నుంచి మొదలుపెట్టి, ముడతలు మాయమయ్యేవరకు పెంచి, అక్కడ ఆగండి. అంతకుమించి పెంచిన ప్రతి కిలో గోడ మీద పడే భారమే.

ఇంకో పాత ఉపాయం కూడా బాగా పనిచేస్తుంది. హోల్డర్‌కీ డైకీ మధ్య, బ్లాంక్ బయట, మూడు నాలుగు చోట్ల గట్టి స్టాప్ ముక్కలు పెట్టి, గ్యాప్‌ని 1.1 మి.మీ. దగ్గర నిలపడం. అప్పుడు హోల్డర్ ఎంత బలంగా నొక్కినా రేకుని నలిపేయదు, ముడతకు ఎత్తు దొరకనివ్వదు. ఆ ముక్కలన్నీ ఒకే మందంలో ఉండేలా ఒకేసారి సర్ఫేస్ గ్రైండ్ చేయించండి. 0.05 తేడా ఉన్నా హోల్డర్ ఒక పక్కకి వాలుతుంది, కప్పు అంచు ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి అవుతుంది.

పంచ్‌కీ డైకీ మధ్య గ్యాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. లోపలికి పారే లోహం మందమవుతుంది. మీ మొదటి కప్పు పై అంచు, స్వేచ్ఛగా వదిలితే, 1.3 దాటే దాకా వెళ్లగలదు. గ్యాప్‌ని సరిగ్గా 1 మి.మీ. పెడితే ఆ మందమంతా నలగాలి, మళ్లీ గోడకే భారం. మొదటి డ్రాకి ఒక్కో పక్క 1.2 ఇవ్వండి: పంచ్ 109, డై 111.4. రెండో దానికి 1.15 చాలు: పంచ్ 79, డై 81.3. రెండో డ్రాలో పై అంచు కాస్త నలుగుతుంది, నలగనివ్వండి, గోడ నిటారుగా వస్తుంది. బాగా మందంగా ఉన్న చివరి భాగం ఎలాగూ ట్రిమ్మింగ్‌లో పోతుంది.

పంచ్‌లో గాలి రంధ్రం ఉందా అన్నది మీరు రాయలేదు. లేకపోతే తప్పకుండా వేయించండి. ఈ సైజు పంచ్‌లకి 6 నుంచి 8 మి.మీ. రంధ్రం మధ్యలో వేసి, పక్క నుంచి బయటికి తీయాలి. అది లేకపోతే కప్పుని పంచ్ మీద నుంచి ఊడదీసేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి అడుగు లోపలికి పీక్కుపోతుంది. రేకు మెత్తగా ఉందని, స్టీలు బాగోలేదని అందరూ వాదించుకునే ఈ సొట్టకి అసలు మందు ఒక డ్రిల్లు రంధ్రం.

ఇక ప్రెస్. 63 టన్నులు చాలవేమో, హైడ్రాలిక్ కొనాలా అని అడిగారు. టన్నుల లెక్క చూద్దాం. డ్రా బలానికి అందరూ వాడే సూత్రంలో కప్పు చుట్టుకొలతను మందంతో, రేకు తన్యత బలంతో గుణించి, నిష్పత్తిలోంచి 0.7 తీసేసిన విలువతో మళ్లీ గుణిస్తాం. 110 వ్యాసం, 1 మి.మీ. మందం, చదరపు మి.మీ.కి 300 న్యూటన్ల రేకు అయితే 116 కిలోన్యూటన్లు, సుమారు 12 టన్నులు. ఈ సూత్రం కాస్త ఎక్కువే చూపిస్తుంది, ప్రెస్ ఎంచుకోవడానికి అది మంచిదే. హోల్డర్‌తో కలిపి 17 టన్నులు అనుకోండి. మీ పవర్ ప్రెస్ లాంటి క్రాంక్ ప్రెస్ మీద రాసిన 63 టన్నులు స్ట్రోక్ అడుగున కొద్ది మిల్లీమీటర్ల దగ్గర మాత్రమే దొరుకుతాయి. స్ట్రోక్ మధ్యలో అందులో సగం కూడా రాకపోవచ్చు. అయినా 17 టన్నులకి ఇబ్బంది లేదు.

మీకు అడ్డు వచ్చేది స్ట్రోక్ పొడవు. పంచ్ కింది వైపు, డై పై వైపు ఉండే మామూలు అమరికలో కప్పు తయారయ్యాక దాన్ని పంచ్ మీద నుంచి పైకి తీసి, పక్కకి బయటికి తేవాలి. దానికి కప్పు ఎత్తుకి రెట్టింపు పైన స్ట్రోక్ కావాలి. ట్రిమ్మింగ్ మార్జిన్‌తో కలిపి 108 మి.మీ. ఉండే కప్పుకి 230, 240 అవసరం. మీ ప్రెస్ స్ట్రోక్ 120 అయితే మొదటి డ్రాకే చాలదు. కప్పుని డై గుండా కిందికి తోసేసే పద్ధతిలో ఈ లెక్క తగ్గుతుంది. పంచ్ పైన ఉంటుంది, కప్పు డై దాటగానే గోడ కొంచెం బయటికి విచ్చుకుని, డై కింది పదునైన అంచుకి తగులుకుని పంచ్ నుంచి ఊడి కింద పడుతుంది. డై కింది అంచుని మాత్రం గుండ్రం చేయకూడదు, కప్పుని ఊడదీసేది అదే. అలా చేసినా రెండో డ్రాకి 120 స్ట్రోక్ సరిపోవడం కష్టం. మొదటి డ్రా పవర్ ప్రెస్ మీద, రెండోది హైడ్రాలిక్ మీద పెట్టుకోవచ్చు. హైడ్రాలిక్ ప్రెస్ బయట జాబ్ వర్క్‌కి దొరికితే మొదటి లాటు అక్కడ చేయించి చూడండి. కొనాలా వద్దా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. స్టీలు కప్పులకి నిమిషానికి 15, 17 మీటర్ల వేగం దాటనివ్వకండి.

రెండో డ్రా డైకి ఆకారం వేరు. అక్కడ రేకు బల్లపరుపుగా ఉండదు, కప్పుగా వస్తుంది. హోల్డర్ ఒక గొట్టంలా కప్పు లోపలికి దిగి, మొదటి కప్పు అడుగు మూలను లోపలి నుంచి పట్టుకోవాలి. గొట్టం బయటి వ్యాసం మొదటి కప్పు లోపలి వ్యాసానికి కొద్దిగానే తక్కువ ఉండాలి, లేకపోతే కప్పు పక్కకి కూర్చుంటుంది. డై నోరుని సమతలంగా కాకుండా 45 డిగ్రీల వాలుతో చేసి, ఆ వాలు చివర 5, 6 మి.మీ. రేడియస్ ఇస్తే లోహం ఒక్కసారిగా 90 డిగ్రీలు తిరగక్కర్లేదు. గొట్టం ముక్కుకి కూడా అదే వాలు ఉండాలి. పూర్తయిన కప్పు గోడ మీద ఒక సన్నని ఉంగరం గీత కనిపిస్తే కంగారు పడకండి. మొదటి పంచ్ మూల దగ్గర పలచబడిన పట్టీ గోడలోకి వచ్చి అలా కనిపిస్తుంది. మొదటి పంచ్ రేడియస్ పెంచి, బాగా పాలిష్ చేస్తే తగ్గుతుంది. మీది పెయింట్ వేసే ఫిల్టర్ డబ్బా కాబట్టి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీరు మొదట అడిగిన స్టీలు. నెలకి ఐదారు వేల డబ్బాలు అన్నారు. దానికి డై రింగ్ డీ2, అంటే మన షాపుల్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అనే స్టీలు, 58 నుంచి 60 రాక్‌వెల్ సీ హార్డ్‌నెస్‌లో సరిగ్గా సరిపోతుంది. మొత్తం బ్లాక్ అందులో చేయించకండి. రింగ్ మాత్రం డీ2, దాన్ని ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీలు) హోల్డర్‌లో బిగుతుగా దించితే ఖర్చు తక్కువ, అరిగితే రింగ్ ఒక్కటే మారుస్తారు. ఇప్పుడున్న ఈఎన్31 డై నోరుని 111.4కి బోరు చేసుకునేంత బయటి వ్యాసం ఉంటే ట్రయల్ రింగ్‌గా వాడండి. గట్టిపడిన స్టీలు కాబట్టి గ్రైండింగ్ తప్పదు. ట్రయల్ అయ్యాక కొలతలన్నీ తేలతాయి, అప్పుడు డీ2కి డబ్బు పెట్టండి. హీట్ ట్రీట్‌మెంట్‌ని నమ్మకమైన చోటే చేయించండి. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీకు దగ్గరే. 1968 నుంచి ఉన్న సంస్థ, డై పని నేర్చుకోవాలన్న కుర్రాళ్లు మీ షాపులో ఉంటే అక్కడ కోర్సులకి పంపండి.

పాలిష్ గురించి ఒక మాట. చూడటానికి అద్దంలా మెరిసినా చాలదు, గీతలు ఏ దిక్కున ఉన్నాయన్నది ముఖ్యం. లేత్ మీద తిప్పుతూ ఎమరీ పట్టిస్తే గీతలు చుట్టూరా ఉంటాయి. లోహం వాటిని అడ్డంగా దాటుకుంటూ పారాలి. చివరి పాలిష్ ఎప్పుడూ లోహం పారే దారిలో, అంటే ఫ్లాంజ్ నుంచి రేడియస్ మీదుగా నోట్లోకి, చేత్తో చేయాలి. రాయి, సన్న ఎమరీ, చివర డైమండ్ పేస్ట్. గంటల పని, కానీ ఆ గంటలు డీ2 కంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి.

నూనె కూడా అన్నిచోట్లా పూయడం పొరపాటు. డై వైపు, హోల్డర్ వైపు జారాలి కాబట్టి అక్కడ కావాలి. పంచ్ ముక్కు దగ్గర మాత్రం రేకు పంచ్‌ని పట్టుకుని ఉండటమే మేలు. ఆ పట్టు వల్ల అడుగు మూల దగ్గర సాగుడు తగ్గి, బలహీనమైన చోటుకి కాపు దొరుకుతుంది. కుర్రాడు బ్రష్‌తో పంచ్‌కి కూడా నూనె రాస్తుంటే ఆపండి. బ్లాంక్‌కి డై వైపు, అంచు చుట్టూ హోల్డర్ వైపు రాస్తే చాలు, మధ్యలో పంచ్ తగిలే చోటు పొడిగా ఉండాలి.

రేకు ఏ గ్రేడో మీరు రాయలేదు, "సీఆర్" అన్నారంతే. ఈ రేకులకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 513లో సీఆర్1 నుంచి సీఆర్5 దాకా ఉన్నాయి. సీఆర్1 మామూలు వంపు పనులకి. మీకు కావలసింది సీఆర్4, వ్యాపారులు ఈడీడీ (ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగ్) అంటారు. కొనేటప్పుడు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఆర్ విలువ ఉంటే చూడండి. రేకు సాగేటప్పుడు మందం తగ్గడానికి ఎంత మొండికేస్తుందో అది చెబుతుంది. 1 దాటి ఎంత ఎక్కువుంటే లోతు డ్రాకి అంత మంచిది. ఎరిక్సెన్ టెస్ట్ అంకె చూపించి "బ్రహ్మాండమైన రేకు" అంటారు కొందరు. ఆ టెస్టులో రేకు అంచు బిగించి మధ్యలో ఉబ్బిస్తారు, అది సాగదీతకి కొలత, కప్పు లాగడానికి కాదు. ఇక కప్పు పై అంచులో నాలుగు చోట్ల చెవుల్లా లేవడం డై తప్పు కాదు. రోలింగ్ దిక్కుని బట్టి రేకు గుణం మారడం వల్ల వస్తుంది. ట్రిమ్మింగ్ మార్జిన్ వేసుకోవడమే దారి.

చివర్లో ఇదే సెటప్ మీద స్టెయిన్‌లెస్ స్టీల్ గ్లాసులు కూడా చేయాలనుంది అని రాశారు. తొందరపడకండి. స్టెయిన్‌లెస్ రేకు డై స్టీలుకి అంటుకుంటుంది, గీతలు పడతాయి. దానికి అల్యూమినియం బ్రాంజ్ రింగ్ కానీ, మంచి కోటింగ్ ఉన్న డీ2 కానీ వాడతారు, రేకు డై వైపు ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి లాగుతారు, వేగం మామూలు స్టీలు కప్పుల వేగంలో సగానికి దించుతారు. ఇంకా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, గిన్నెల మార్కెట్లో చవకగా దొరికే 200 సిరీస్ రేకులో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ. లాగినప్పుడు అది బాగా గట్టిపడి, పై అంచులో చుట్టూరా సాగదీసే ఒత్తిడి మిగిలిపోతుంది. కప్పు డై లోంచి చక్కగా వస్తుంది, ప్యాక్ చేసి పెట్టాక కొన్ని గంటలకో, మర్నాడో అంచు నుంచి నిలువుగా పగులుతుంది. ఇత్తడికి ఇలాంటి రోగమే మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి తగిలింది. వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ పెట్టిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే పగిలేవి. లోపల మిగిలిన ఒత్తిడికి గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా తోడవడమే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తేల్చారు. ఇత్తడికి తక్కువ వేడిలో ఒత్తిడి తీసేస్తే సరిపోతుంది. 200 సిరీస్ స్టీలుకి డ్రా నిష్పత్తి తగ్గించాలి, ఆలస్యం చేయకుండా అనీలింగ్ చేయాలి. అనీలింగ్ ఫర్నేసు అందుబాటులో లేకపోతే 304 డీప్ డ్రా గ్రేడుతోనే మొదలుపెట్టండి.

ట్రయల్ ఎలా చేయాలో కూడా చెబుతాను. బ్లాంక్ కటింగ్ డైని ఇప్పుడు చేయించకండి. అది అన్నిటికంటే చివరిది. లేజర్ కటింగ్‌లో 196, 198, 200, 202 వ్యాసాల్లో కొన్ని కొన్ని బ్లాంక్‌లు కోయించుకోండి. అంచు బర్ (కోతలో మిగిలే గరుకు) తీసేయండి, అది డై రేడియస్ మీద గీతలు పెడుతుంది. మొదటి డ్రాలో ముందు 20 మి.మీ. లోతే లాగి, ఆపి, ఫ్లాంజ్ చూడండి. ముడతల నీడ కనిపిస్తే హోల్డర్ బలం కొద్దిగా పెంచండి. తర్వాత 40, ఆ తర్వాత పూర్తి లోతు. తెగితే ఎక్కడ తెగిందో చూడండి. మూల చుట్టూరా సమంగా తెగితే లాగుడు ఎక్కువ, రేడియస్, నూనె, హోల్డర్ చూడాలి. ఒక పక్కే తెగితే బ్లాంక్ మధ్యలో కూర్చోలేదు, లేదా హోల్డర్ వాలింది.

పూర్తి కప్పు వచ్చాక దాన్ని నిలువుగా రెండు ముక్కలు కోసి, అడుగు మధ్య, అడుగు మూల, గోడ మధ్య, పై అంచు, ఈ నాలుగు చోట్లా పాయింట్ మైక్రోమీటర్‌తో మందం కొలవండి. 1 మి.మీ. రేకులో మూల దగ్గర 0.88, 0.9 ఉంటే రెండో డ్రాకి ధైర్యంగా వెళ్లండి. 0.85 కంటే తగ్గితే రెండో డ్రాలో అక్కడ తెగే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి డైలోనే రేడియస్ పెంచండి, లేదా హోల్డర్ తగ్గించండి. ఆ నాలుగు అంకెలూ, రేకు సర్టిఫికెట్‌లోని గ్రేడు, మీ ప్రెస్ స్ట్రోక్ ఇక్కడ రాయండి. రెండో డ్రా గొట్టం, డై వాలు కొలతలు అవి చూశాక చెబుతాను.